పొగగొట్టాల చిత్రకారుడు లౌరీ

చిత్రకళ అనగానే మనలో చాలామంది మనస్సున మెదిలే దృశ్యాలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. సూర్యోదయ వేళ గోదావరి, ఎలగందుల కోట బురుజులు, కుంతాల జలపాతం, కడవ నెత్తిన పెట్టుకొని నడచివచ్చే పల్లె పడుచు. ఇవి రమణీయములనుటలో సందేహం లేదు. అయితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పుట్టి పెరిగిన విద్యార్థులలో అనేకులు అనుదినమూ చూచేది ఇంకొక దృశ్యం. రామగుండం విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబాయిలు, బసంతనగర్ సిమెంటు కర్మాగారం, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు, సిరిసిల్ల మరమగ్గాల షెడ్లు, షిఫ్టు మారే వేళ గేటు ముందు కిక్కిరిసే జనం. ఇది కళకు తగిన వస్తువు కాగలదా? మసిబారిన గోడకు, అలసి ఇంటిముఖం పట్టిన కార్మికునికి చిత్రపటంలో చోటున్నదా?

ఈ ప్రశ్నకు తన జీవితమంతటినీ సమాధానంగా ఇచ్చిన వాడు ఇంగ్లండు దేశపు చిత్రకారుడు లారెన్స్ స్టీఫెన్ లౌరీ. ఆయన జీవితాన్నీ, చిత్రరచనా విధానాన్నీ సంగ్రహంగా పరిచయం చేసి, మన ప్రాంతానికి అందులో ఉన్న పాఠమేమిటో విచారించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

లాంకషైర్ – మన నేతగాండ్రు

లౌరీ పుట్టి పెరిగిన మాంచెస్టరు పరిసరాలతో మనకు పాత సంబంధమే కలదు. ఆ నగరమున్న లాంకషైర్ సీమ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద నూలు పరిశ్రమకు నిలయం. 19వ శతాబ్దంలో అక్కడి యంత్రాలపై తయారైన చవుక వస్త్రాలు మన దేశపు చేనేత జీవనాన్ని కుంగదీసిన సంగతి చరిత్ర విద్యార్థులకు విదితమే. అనంతరం స్వదేశీ ఉద్యమం, జపాను పోటీ, ఆర్థిక మాంద్యం కలిసి లాంకషైర్ మిల్లులనే దెబ్బతీశాయి. 1931 సెప్టెంబరులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ, పని కోల్పోయిన అక్కడి మిల్లు కార్మికులను స్వయంగా చూడడానికి లాంకషైర్‌లోని డార్వెన్ ప్రాంతానికి వెళ్ళారు. విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన ఆయన చుట్టూ మిల్లు స్త్రీలు చేరి హర్షధ్వానాలు చేస్తున్న ఛాయాచిత్రం సుప్రసిద్ధం. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఆ కార్మికులనే చిత్రిస్తూ వచ్చిన వాడు లౌరీ. అందుచేత ఆయన పటాలలోని పొగగొట్టాలు మనకు పూర్తిగా పరాయివి కావు.

బాల్యము, విద్య

లౌరీ 1887 నవంబరు 1న స్ట్రెట్‌ఫర్డ్‌లో జన్మించాడు. క్రికెట్ అభిమానులకు సుపరిచితమైన ఓల్డ్ ట్రాఫోర్డ్ మైదానం ఉన్న పేట అదే. తండ్రి రాబర్ట్ ఒక స్థిరాస్తి వ్యాపార కార్యాలయంలో గుమాస్తా. తల్లి ఎలిజబెత్ పియానో విద్వాంసురాలు. కచేరీలు చేసి కీర్తి గడించాలన్న ఆమె కోరిక నెరవేరలేదు. ఆడపిల్లను ఆశించిన ఆ తల్లి కుమారుని పుట్టుకకు సంతోషించలేదనీ, ఆ అసంతృప్తి కడవరకూ ఆమెను విడువలేదనీ జీవితచరిత్రకారులు వ్రాశారు.

కుటుంబం మొదట విక్టోరియా పార్కు అనే మర్యాదస్థుల పేటలో ఉండేది. ఆర్థికపు ఇబ్బందుల వలన 1909లో పెండిల్‌బరీ అనే చోటికి మారవలసివచ్చింది. అది నూలు మిల్లులూ, బొగ్గు గనులూ ఉన్న కార్మికుల ఊరు. తల్లికి ఆ మార్పు అవమానంగా తోచింది. లౌరీకి సైతం ఆ ఊరు మొదట ఏమాత్రం నచ్చలేదు. మెల్లగా అలవాటైంది, పిదప దానినుండి మనస్సు మరలించుకోలేని స్థితి వచ్చింది.

బడి చదువు ముగించి 1904లో గుమాస్తాగా చేరిన లౌరీ, మరుసటి సంవత్సరం నుండి మాంచెస్టరు నగర కళాపాఠశాలలో సాయంకాలపు తరగతులకు వెళ్ళసాగాడు. అక్కడ ఆయనకు లభించిన గురువు అడాల్ఫ్ వాలెట్ అనే ఫ్రెంచి చిత్రకారుడు. పారిస్ నగరపు నవ్యకళను ఎరిగిన వాలెట్, మాంచెస్టరు పొగమంచునూ, కాలువలనూ, గుర్రపు బండ్లనూ తన పటాలలో చిత్రించేవాడు. కర్మాగారాల నగరాన్ని కూడా కళాదృష్టితో చూడవచ్చునన్న సంగతి శిష్యునికి ఆ విధంగా గోచరమైంది. 1915 నుండి దాదాపు పది సంవత్సరాలు లౌరీ సాల్ఫర్డ్ కళాపాఠశాలలో అభ్యాసం కొనసాగించాడు. గురువు లేకుండా తనంతట తాను నేర్చిన అమాయక చిత్రకారుడని ఆయనను గూర్చి ప్రచారంలో ఉన్న మాట నిజం కాదు. పగలు కార్యాలయంలో పనిచేసి సాయంకాలం తరగతి గదిలో కూర్చొని సాగించిన ఆయన విద్యాభ్యాసం సుమారు ఇరవై ఏండ్లది.

కిరాయిల గుమాస్తా

1910లో లౌరీ పాల్ మాల్ ప్రాపర్టీ కంపెనీలో ఉద్యోగంలో కుదిరాడు. ఇల్లిల్లూ తిరిగి కిరాయిలు వసూలు చేయడం, లెక్కలు వ్రాయడం ఆయన పని. ఈ ఉద్యోగంలోనే 42 సంవత్సరాలుండి, ప్రధాన కోశాధికారిగా 1952లో పదవీ విరమణ చేశాడు. అప్పటికాయన పేరు దేశమంతటా తెలిసినదే. అయినప్పటికీ ఉద్యోగపు సంగతిని కళాలోకానికి తెలియనీయలేదు. తెలిసినచో తనను సెలవుదినాల సరదా చిత్రకారునిగా చులకన చేస్తారన్న భయం ఆయనకుండేది.

ఆలోచించి చూడగా ఆ ఉద్యోగమే ఆయనకు రెండవ కళాశాల అయినదని తోస్తుంది. వారం వారం అవే వీధులలో నడవడం, అవే తలుపులు తట్టడం, కిరాయి కట్టలేని వారి ముఖాలు చూడడం, గొడవలూ, అంతిమయాత్రలూ, ఇల్లు ఖాళీ చేయించే దృశ్యాలూ కళ్ళారా కాంచడం ఆయనకు నిత్యకృత్యం. కోటుజేబులోని కాగితపు ముక్కలమీద, పాత కవర్లమీద పెన్సిలుతో గుర్తుగా గీసుకొనేవాడు. రాత్రి ఇంటికి చేరిన పిమ్మట వాటినుండి పటాలు రూపొందేవి. కాలి నడకన పొందిన ఆ పరిచయం ఏ కళాశాలా ఇవ్వగలిగినది కాదు.

1916 నాటి సాయంకాలం

లౌరీ జీవితంలో తరచుగా చెప్పబడే సంఘటన 1916లో జరిగింది. పెండిల్‌బరీ స్టేషనులో ఆయనకు రైలు తప్పిపోయింది. విసుగుతో మెట్లెక్కి పైకి రాగా ఎదుట ఆక్మే నూలు మిల్లు కనిపించింది. అప్పుడే పని ముగిసి వందలాది జనం గేట్లలోనుండి వెలువడుతున్నారు. వెలుగుతున్న కిటికీల వరుసలతో ఆ పెద్ద కట్టడం సాయంకాలపు ఆకాశం మీద నిలిచి ఉన్నది. ఏడేండ్లుగా అటువైపే తిరుగుతున్నా ఆ దృశ్యాన్ని తానంతవరకు చూడనేలేదని ఆయనకు అనిపించింది. ఆనాటి నుండి పరిశ్రమల సీమను చిత్రించడమే ఆయన ధ్యేయమైంది.

పనివేళ మారినప్పుడు ఉప్పొంగే జనప్రవాహం మన దేశపు కళాకారులను కూడా ఆకర్షించింది. శాంతినికేతనంలో రాంకింకర్ బేజ్ 1956లో నిర్మించిన ‘మిల్ కాల్’ శిల్పాన్ని ఇక్కడ పేర్కొనవలె. మిల్లు కూత విని, తడి వస్త్రాలు గాలిలో ఆరబెట్టుకుంటూనే పరుగెత్తే సంతాల్ స్త్రీలు ఆ శిల్పంలో కానవస్తారు. రాంకింకర్ స్త్రీలు ఉత్సాహంతో పనికి పరుగెత్తుతారు. లౌరీ 1930లో చిత్రించిన ‘కమింగ్ ఫ్రం ది మిల్’ పటంలోని జనం వంగిన వీపులతో ఇంటికి మరలుతారు. కూత ఒకటే అయినా దానిని రెండు దేశాల కళాకారులు రెండు విధాలుగా విన్నారు.

చిత్రరచనా విధానం

లౌరీ వాడిన రంగులు ఐదు మాత్రమే: నలుపు, సిందూరపు ఎరుపు, ప్రష్యన్ నీలం, పసుపు మట్టిరంగు, తెలుపు. వీటిని మించి ఆయన పెట్టెలో ఏ రంగూ ఉండేది కాదు. తొలినాళ్ళ పటాలు మసకగా, చీకటిగా ఉండేవి. బెర్నార్డ్ టేలర్ అనే కళావిమర్శకుడు వాటిని చూచి, ఆకారాలు నేపథ్యంలో కలిసిపోతున్నాయని ఆక్షేపించాడు. లౌరీ మొదట కోపగించినా పిదప ఆ మాటలోని సత్యాన్ని గ్రహించి, పటానికంతటికీ ముందుగా తెల్లరంగు పూసి దానిమీద చిత్రించడం ఆరంభించాడు. తెలుపు కాలక్రమేణ ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఒక పలకకు తెల్లరంగు పూసి కొన్ని సంవత్సరాలు కదల్చకుండా ఉంచి పరీక్షించాడట. అది పాలమీగడ కలిసిన బూడిద వన్నెకు తిరిగింది. తనకు కావలసిన ఆకాశం అదేనని నిశ్చయించుకున్నాడు.

ఆయన పటాలలో నీడలు ఉండవు. ఎండా, వానా స్పష్టంగా కానరావు. పొగ కప్పిన తెల్లని ఆకాశం క్రింద నల్లని చిన్నచిన్న మనుషులు అగ్గిపుల్లల వలె నిలుస్తారు. దూరంనుండి అందరూ ఒక్కటే అనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి చూచినచో ఒకడు కుంటుతూ ఉంటాడు, ఒక పిల్లవాడు కుక్కను తరుముతూ ఉంటాడు, ఇద్దరు స్త్రీలు ఆగి మాట్లాడుకుంటూ ఉంటారు. రెండు మూడు గీతలతోనే నడకనూ వయస్సునూ అలసటనూ తెలుపగలగడం ఆయన ప్రత్యేకత.

పటంలోని ప్రతి కట్టడమూ ఉన్నది ఉన్నట్లుగా ఉండదు. కొన్ని నిజమైనవి, కొన్ని కల్పితములు. స్టాక్‌పోర్ట్ రైలు వంతెన పలు పటాలలో దానికి సంబంధం లేని చోట్ల ప్రత్యక్షమవుతుంది. 1950 నాటి ‘ది పాండ్’, 1955 నాటి ‘ఇండస్ట్రియల్ ల్యాండ్‌స్కేప్’ ఈ విధంగా కూర్చిన మహాదృశ్యాలు. ఒక ఊరి ఛాయాచిత్రం చూపలేని ఒక సీమ స్వభావాన్ని ఆ కూర్పు చూపుతుంది.

దుఃఖాన్ని కూడా ఆయన విడువలేదు. 1935 నాటి ‘ది ఫీవర్ వాన్’ పటంలో ఒక వీధి చివర అంటువ్యాధి బండి ఆగి ఉంటుంది. ఎవరి బిడ్డనో ఆస్పత్రికి తీసుకొనిపోతున్నారు. చుట్టుప్రక్కలవారు దూరంగా నిలిచి చూస్తున్నారు. రోగి కనిపించకపోయినా వీధి అంతటా భయం వ్యాపించి ఉన్నది.

ఇంటిలోని చీకటి

1932లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించాడు. తల్లి మంచం పట్టింది. కుమారుడు తప్ప ఇతరులెవరూ సేవచేయుటకు ఆమె అంగీకరించలేదు. పగలు ఉద్యోగం, సాయంకాలం తల్లి సేవ, ఆమె నిద్రించిన తరువాత రాత్రి పది గంటల నుండి రెండు గంటల వరకు చిత్రరచన. ఏడు సంవత్సరాలు ఈ విధంగానే గడిచాయి. మనం నేడు గొప్పవిగా ఎంచే పటాలలో అనేకం ఆ అర్ధరాత్రులలో జనించినవే.

1938లో లండను కళావ్యాపారి ఒకడు చట్రాలు కట్టే దుకాణంలో ఈయన పటాలను అనుకోకుండా చూచాడు. ఫలితంగా 1939 ఆరంభంలో లండనులోని లెఫెవర్ గ్యాలరీలో ప్రదర్శన ఏర్పాటయింది. టేట్ గ్యాలరీ ఒక పటాన్ని కొన్నది. లౌరీకి అప్పటికి యాభైయొకటవ ఏడు. అదే సంవత్సరం అక్టోబరులో తల్లి కన్నుమూసింది. పెండిల్‌బరీని ఎన్నడూ ప్రేమించని ఆ తల్లి, పెండిల్‌బరీని చిత్రించిన కుమారుని కళను మెచ్చుకోనేలేదు. ఈ లోటు ఆయనను జీవితాంతం బాధించింది. అవివాహితునిగానే ఉండిపోయాడు. 1948లో మోట్రమ్ అనే గ్రామంలో ఒక ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు తనకు నచ్చలేదని చెబుతూనే చివరివరకు అందులోనే నివసించాడు.

కీర్తి, తిరస్కారం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లౌరీ మాంచెస్టరులో భవనాల పైకప్పులమీద నిప్పు కాపలా కాశాడు. 1943లో ప్రభుత్వం ఆయనను యుద్ధచిత్రకారునిగా నియమించింది. 1962లో రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం లభించింది. 1967లో ఆయన చిత్రించిన బడిపిల్లల పటం బ్రిటిష్ తపాలా బిళ్ళమీద వెలువడింది. 1968లో ఇవ్వజూపిన ‘సర్’ బిరుదుతో కలిపి మొత్తం ఐదు రాజగౌరవాలను ఆయన నిరాకరించాడు. తల్లి పోయిన తరువాత వాటివలన ప్రయోజనమేమున్నదని ఆయన భావన.

1976 ఫిబ్రవరి 23న తన 88వ ఏట లౌరీ మరణించాడు. ఆయన పేరుతో 2000 సంవత్సరంలో సాల్ఫర్డ్‌లో ఒక విశాలమైన కళాకేంద్రం వెలసింది. ఫుట్‌బాల్ ఆట చూడవచ్చే జనాన్ని 1953లో చిత్రించిన ‘గోయింగ్ టు ది మ్యాచ్’ పటాన్ని 2022లో ఆ కళాకేంద్రమే 78 లక్షల పౌండ్లకు కొని, ప్రజలకు దక్కేటట్లు చేసింది.

విమర్శకులు అందరూ ఆయనను ఒకే విధంగా అంచనా వేయలేదు. మనుషులను అగ్గిపుల్లలుగా కుదించి వారి వ్యక్తిత్వాన్ని హరించాడని కొందరన్నారు. కార్మికుల కష్టాలకు పరిష్కారం చూపలేదని మరికొందరు ఆక్షేపించారు. తాను సంస్కర్తనని లౌరీ ఎన్నడూ చెప్పుకోలేదు. కిరాయి వసూలుకు వచ్చినవాడు ఆ వీధికి పూర్తిగా ఆత్మీయుడు కాజాలడన్న మాట కూడా కాదనలేనిది. ఆయన పటాలలోని ఆ కొద్దిపాటి ఎడం బహుశా అందువల్లనే ఏర్పడి ఉండవచ్చు. ఇన్ని లోపాలు ఎంచినా ఒక్క విషయం నిలుస్తుంది: ఎందరో మహాచిత్రకారులున్న దేశంలో, నూలు మిల్లుల కార్మికుల వీధిని ఒక జీవితకాలం పాటు విడువక చూచినవాడు ఈ గుమాస్తాయే.

మన సీమకు పాఠం

లౌరీ వృద్ధాప్యంలోనే ఆయన సీమ మారిపోసాగింది. మిల్లులు మూతపడ్డాయి, పొగగొట్టాలు కూలాయి, పాత వీధులు నేలమట్టమయ్యాయి. ఈనాడు అక్కడివారు తమ తాతల కాలపు ఊరిని చూడదలచినచో లౌరీ పటాల దగ్గరకు వెళ్ళవలసినదే. ఇందుకే ఈ విషయాన్ని మన విద్యార్థుల ముందుంచుతున్నాము, ఏలయన మన సీమ కూడా మన కళ్ళముందే మారుతున్నది.

1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా పేరొందిన సంస్థ ఒక శతాబ్దం దాటింది. తట్టలతో బొగ్గు ఎత్తిపోసిన తరం వృద్ధాప్యంలో ఉన్నది లేదా గతించింది. భూగర్భ గనులు తగ్గి, నేడు బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టు గనులనుండి వెలువడుతున్నది. బాయి మీద చక్రాలు తిరిగే ఉక్కు గోపురాలు ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి. వాటికి బదులు మట్టి గుట్టలు లేస్తున్నాయి. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, కొత్త సంస్థగా 2021లో తిరిగి మొదలైంది. 1942 నుండి కాగితం తయారుచేసిన సిర్పూర్ మిల్లు 2014లో ఆగి 2018లో మళ్ళీ కదిలింది. ‘కాగజ్’ అన్న ఉర్దూ మాటనే తన పేరులో నిలుపుకున్న ఆ పట్టణం, మిల్లు ఆగిన నాలుగేండ్లు ఎలా బ్రతికిందో చూచినవారున్నారు. మూసిన గేటు ముందు నిలుచున్న మనిషిని ఎవరు చిత్రించారు?

ఈ నేలకు చిత్రకారుల కొరత లేదు. 1915లో కరీంనగర్ జిల్లాలో జన్మించిన పి. టి. రెడ్డి బొంబాయి జె. జె. కళాపాఠశాలలో చదివి ఆధునిక చిత్రకళలో అగ్రగణ్యుడైనాడు. అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం తెలంగాణ పల్లె స్త్రీ బొట్టునూ చీర రంగునూ దేశమంతటికీ ఎరుక చేశాడు. ఆయన పల్లెను చూచిన శ్రద్ధతో షిఫ్టు గేటును చూచే కన్ను ఇంకా ఎన్నో మనకు కావాలి. మన పరిశ్రమ అంతా పొగగొట్టం క్రిందనే లేదన్నది కూడా గమనించవలె. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇండ్లలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు, అక్కలు ఎందరో కలరు. వారి పని గదిలో సైరను లేదు, గేటు లేదు. లౌరీ వీధిలో నిలిచి చూడగలిగిన దృశ్యం కాదది. ఇంటిబిడ్డలు మాత్రమే చూడగలిగినది.

చిత్రకళ కూడు పెట్టదని పెద్దలు చెప్పే మాటను మేము త్రోసిపుచ్చడం లేదు. బీదకుటుంబాల బిడ్డలకు ఉద్యోగం అవసరం. లౌరీ కూడా ఆ మాట విని 42 సంవత్సరాలు ఉద్యోగం చేసిన వాడే. ఐదు రంగులు, జేబులో ఒక పెన్సిలు, పాత కవర్లు, పని ముగిసిన తరువాతి కొన్ని గంటలు ఆయన పెట్టుబడి. దానికి ఆయన చెల్లించిన ఒంటరితనపు మూల్యం ఎక్కువే. దానిని ఆదర్శంగా గ్రహించనవసరం లేదు. ఆయన శ్రద్ధను గ్రహిస్తే చాలు.

కావున విద్యార్థులకు మా మనవి ఇది. ఈ సెలవులలో మీ వాడలో రోజూ నడిచే ఒక వీధిని, ఒక గేటును, ఒక పని గదిని ఎన్నుకొని, అదే చోట పది రోజులు పది బొమ్మలు గీయండి. చేయి తిరగలేదని సంకోచించవద్దు. మొదటి బొమ్మకూ పదవ బొమ్మకూ నడుమ మీకే తేడా తెలుస్తుంది. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. మన వార్షిక సంచికలో తెలుగు విభాగం ఎడమనుండి, ఉర్దూ విభాగం కుడినుండి ఆరంభమై నడుమ కలుసుకుంటాయి. ఆ కలిసే చోట నాలుగు పుటలు ఈ బొమ్మల కొరకు కేటాయించినచో బాగుండును. వాటిని చదువుటకు ఏ లిపీ అడ్డురాదు.